అలోయిస్ అల్జీమర్

మానవ జీవితమునకు జ్ఞాపకశక్తియే ఆధారము. తల్లి ముఖమును గుర్తించుటయు, ఇంటిదారి తెలియుటయు, నిన్న విన్న పాఠమును నేడు అప్పగించుటయు దాని వలననే జరుగుచున్నవి. ఆ శక్తి క్రమముగా నశించినచో మనుష్యుడు తన యింటిలోనే పరాయివాడగును. కొందఱు వృద్ధులు భోజనము చేసి చేయి కడుగుకొనిన కొంతసేపటికే తమకు అన్నము పెట్టలేదని వాపోవుట మీరు చూచియుందురు. కన్నకొడుకును చూచి నీ వెవరవని అడుగువారును కలరు. ఇట్టివారిని చూచి పిల్లలు నవ్వుదురు. పెద్దలు చాదస్తమని విసుగుకొందురు. కాని యిది చాదస్తము కాదు. మెదడునకు పట్టిన వ్యాధి. రోగి జీవించియుండగా కనబడిన లక్షణములను, మరణానంతరము మెదడులో కనబడిన మార్పులను జతపఱచి, ఈ సంగతిని లోకమునకు చూపిన వైద్యుడు అలోయిస్ అల్జీమర్. నేడు ఆ వ్యాధిని లోకమంతట అతని పేరుతోనే పిలుచుచున్నారు.

అల్జీమర్ 1864వ సంవత్సరము జూన్ నెల 14వ తేదీన బవేరియా రాజ్యమున, మైన్ నది యొడ్డున నున్న మార్క్ట్‌బ్రైట్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ రాజ్యము నేడు జర్మనీ దేశములో ఒక భాగము. తండ్రి ఎడ్వర్డ్ దస్తావేజులను ధ్రువపఱచు నోటరీ. తల్లి పేరు తెరేసియా. అల్జీమర్ ఉన్నత పాఠశాల చదువు ఆషాఫెన్‌బుర్గ్ పట్టణమున సాగెను. ప్రకృతి శాస్త్రములయందు అతనికి మిక్కిలి ఆసక్తి. అతడు పాఠశాల విడుచుటకు ఒక సంవత్సరము ముందు, 1882లో తల్లి మరణించెను. మఱుసటి యేట అతడు వైద్యవిద్య కొఱకు బెర్లిన్ నగరమునకు పోయెను. తరువాత వూర్ట్స్‌బుర్గ్, ట్యూబింగెన్ పట్టణములలోని విశ్వవిద్యాలయములలో చదివెను.

విద్యార్థి దశలో అతడు పుస్తకముల పురుగు కాడు. నిండైన విగ్రహము, నవ్వు ముఖము గల యువకుడు. ఆ కాలపు జర్మను విద్యార్థులవలె కత్తిసాము నేర్చి, దానిలో ముఖమున గాయము పొందెను. ఆ మచ్చ జీవితాంతము నిలిచియుండెను. అయినను సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నప్పుడు అతడు మఱొక మనిషి. వూర్ట్స్‌బుర్గ్‌లో కోలికర్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో శరీర భాగములను పలుచని పొరలుగా కోసి పరిశీలించు విద్యను అభ్యసించెను. 1887లో అతడు వైద్య పట్టమునకై వ్రాసిన గ్రంథము చెవిలో గుబిలిని పుట్టించు గ్రంథులను గూర్చినది. ఎవరును లెక్కచేయని వస్తువునందును చూడదగినది ఉండునని అతడు అప్పుడే గ్రహించెను.

1888వ సంవత్సరము డిసెంబరు నెలలో అల్జీమర్ ఫ్రాంక్‌ఫర్ట్ నగరమందలి మానసిక చికిత్సాలయమున సహాయ వైద్యుడుగా చేరెను. ఆ భవనము కోటవలె నుండుటచే జనులు దానిని పిచ్చివాండ్ర కోట యని పిలుచుచుండిరి. ఆ దినములలో మతి చెడినవారిని కట్టివేయుటయు, గదులలో బంధించుటయు పెక్కుచోట్ల వాడుకగా నుండెను. ఆ చికిత్సాలయపు అధికారి ఎమిల్ సియోలీ ఈ పద్ధతిని మాన్పదలచెను. అల్జీమర్ అతనికి కుడిభుజముగా నిలిచెను. కట్లకు బదులు గోరువెచ్చని నీటి స్నానములు, విశ్రాంతి, సంభాషణ చికిత్సకు సాధనములయ్యెను. అల్జీమర్ రోగుల ప్రక్కన కూర్చుండి, వారు చెప్పునది ఎంత అర్థరహితముగా నున్నను ఓపికతో విని, వ్రాసికొనుచుండెను.

మఱుసటి యేడు ఫ్రాన్జ్ నిస్సల్ అను వైద్యుడు అచటికి వచ్చెను. ఇరువురును ప్రాణమిత్రులైరి. మెదడులోని నాడీకణములు మిక్కిలి సూక్ష్మములు; రంగు లేనివి. రంగు పట్టినగాని వాని ఆకారము కంటికి ఆనదు. ఆ కణములకు అద్దకము వేయు క్రొత్త పద్ధతిని కనిపెట్టినవాడు ఈ నిస్సల్. మిత్రులిద్దఱును పగలు రోగులను చూచుచు, రాత్రివేళ సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి, మరణించిన రోగుల మెదళ్లను పరీక్షించుచుండిరి. మనస్సునకు కలుగు వ్యాధులలో కొన్నింటికైనను మెదడులోనే మూలముండునని వారి విశ్వాసము. పగలు వినిన మాటకు రాత్రి చూచిన కణమునకు గల సంబంధమును వెదకుటయే వారి తపస్సు.

1894లో అల్జీమర్ సెసీలియా అను వితంతువును వివాహమాడెను. ఆమె ధనవంతురాలు. వారికి ముగ్గురు బిడ్డలు కలిగిరి. ఆ సుఖము ఎక్కువకాలము నిలువలేదు. 1901వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో సెసీలియా మరణించెను. అప్పటికి కడగొట్టు బిడ్డ ఇంకను పసిపాప. అల్జీమర్ సోదరి వచ్చి పిల్లల పోషణ భారమును వహించెను. అతడు తన దుఃఖమును పనిలో ముంచివేసెను. రోగుల సంఖ్య ఎంత యున్నను ఒక్కొక్కరితో అతడు గడపు సమయము పెరిగెనే గాని తఱుగలేదు.

ఆ సంవత్సరమే నవంబరు నెల 25వ తేదీన ఆగస్టె అను స్త్రీని ఆమె భర్త చికిత్సాలయమునకు తీసికొని వచ్చెను. అతడు రైల్వే కార్యాలయమున గుమాస్తా. ఆమె వయస్సు 51 సంవత్సరములు మాత్రమే. అంతవఱకు చక్కగా సంసారము నడపిన ఆ యిల్లాలు భర్తపై అకారణముగా అనుమానపడసాగెను. పిదప వంటలో తడబడెను. వస్తువులను ఎచటనో దాచి మఱచిపోవుచుండెను. తన యింటిలోనే దారి తెలియక తిరుగాడుచుండెను. ఎవరో తన్ను చంపవచ్చుచున్నారని కేకలు వేయుచుండెను.

మఱునాడు అల్జీమర్ ఆమె యెదుట కూర్చుండి ప్రశ్నలడిగెను. పేరేమని అడుగగా తన పేరు చెప్పెను. భర్త పేరేమని అడుగగా మరల తన పేరే చెప్పెను. మధ్యాహ్న భోజనమున ఆమె కాలీఫ్లవరును, పంది మాంసమును తినుచుండగా ఏమి తినుచున్నావని ప్రశ్నించెను. పాలకూర యని ఆమె బదులు చెప్పెను. వస్తువులను చూపినప్పుడు వాని పేర్లను సరిగానే చెప్పెను. కొంత సేపటికి ఆ వస్తువులను చూచిన సంగతియే ఆమెకు గుర్తులేదు. పేరు వ్రాయుమని కాగితమిచ్చినప్పుడు శ్రీమతి యను మొదటి మాట వ్రాసి, తరువాత వ్రాయవలసినది మఱచి ఆగిపోయెను. తన్ను తాను పోగొట్టుకొంటినని ఆమె దీనముగా మాటిమాటికి చెప్పుకొనుచుండెను. అల్జీమర్ ఈ సంభాషణలనెల్ల దినదినము వ్రాసియుంచెను.

వృద్ధులకు మతి క్షీణించుట వైద్యులు ఎఱిగినదే. రక్తనాళములు గట్టిపడుట వలన మెదడు చెడుటను గూర్చి అల్జీమరే పూర్వము వ్రాసియుండెను. కాని యీమె వృద్ధురాలు కాదు. తాను ఎఱిగిన వ్యాధులలో దేనితోను ఈ లక్షణములు పూర్తిగా పొసగుట లేదు. కారణము ఆమె తలలోనే యున్నది. కాని ఆమె జీవించియుండగా ఆ తలలోనికి చూచు మార్గము ఆనాడు లేకుండెను. ఆమెను ఊరడించుట, వేచియుండుట తప్ప వైద్యుడు చేయగలిగినది లేదు.

కొలదికాలమునకు అల్జీమర్ ఫ్రాంక్‌ఫర్ట్ విడిచి, ఎమిల్ క్రెపెలిన్ అను ప్రఖ్యాత వైద్యాచార్యుని కడకు హైడెల్‌బెర్గ్ నగరమునకు పోయెను. 1903లో క్రెపెలిన్‌తో కూడ మ్యూనిక్ నగరమునకు చేరెను. అచటి నూతన చికిత్సాలయమున మెదడును పరీక్షించు ప్రయోగశాల అతని అధీనమయ్యెను. కొంతకాలము అతడు జీతము లేకయే పనిచేసెను. భార్య విడిచిపోయిన ధనమే అతని శాస్త్రకృషికి ఆధారము. ఊరు మాఱినను అతడు ఆగస్టెను మఱువలేదు. ఆమె స్థితి యెట్లున్నదని ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యులను తఱచు విచారించుచుండెను. ఆమె క్రమముగా మాట కోల్పోయి, మంచము పట్టి, 1906వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీన మరణించెను. అల్జీమర్ కోరిక మేరకు సియోలీ ఆమె చికిత్సా పత్రములను, మెదడును మ్యూనిక్ నగరమునకు పంపెను.

ఆ మెదడు సహజ పరిమాణమునకు తగ్గి, వడలిన కాయవలె ముడుచుకొనిపోయియుండెను. అల్జీమర్ దానిని పలుచని పొరలుగా కోసి, వెండి లవణములతో అద్దకము వేసి, సూక్ష్మదర్శిని క్రింద నుంచెను. అచట రెండు విధముల గుర్తులు కనబడెను. మొదటిది, కణముల లోపలి దారపు పోగులవంటి తంతువులు దట్టమై, పెనవేసికొని, చిక్కుముడులుగా మాఱియుండుట. కొన్నిచోట్ల కణము పూర్తిగా నశించి, అది యుండిన స్థానమున చిక్కుముడి మాత్రమే మిగిలియుండెను. మెదడు పైపొరలోని కణములలో ఇంచుమించు నాలుగవ వంతు నుండి మూడవ వంతు వఱకు ఇట్లు చెడియుండెను. రెండవది, కణముల నడుమ చిన్న గింజలవలె ఒక విచిత్ర పదార్థము పేరుకొనియుండుట. నాలుగున్నర సంవత్సరములకు పూర్వము తాను వ్రాసికొనిన ప్రశ్నలకు సమాధానము అతనికి ఆ గాజుపలకలపై దొరకెను. ఆ స్త్రీ తన్ను తాను పోగొట్టుకొంటినని చెప్పినది నిజమే. పోయినది ఎచట పోయినదో ఇపుడు కనబడినది.

1906వ సంవత్సరము నవంబరు 3వ తేదీన ట్యూబింగెన్ పట్టణమున మానసిక వైద్యుల సభ జరిగెను. అల్జీమర్ అచట ఈ వృత్తాంతమును వివరించి చెప్పెను. సభికులలో ఒక్కరును ప్రశ్న వేయలేదు. చర్చ జరుగలేదు. అధ్యక్షుడు తరువాతి ఉపన్యాసమునకు అనుమతి నిచ్చెను. ఇన్ని సంవత్సరముల కృషికి లభించిన సత్కారము ఈ మౌనమే! అల్జీమర్ అధైర్యపడలేదు. 1907లో ఆ విషయమును కొలది పుటల వ్యాసముగా ప్రకటించి, తిరిగి తన సూక్ష్మదర్శిని ముందు కూర్చుండెను. 1910లో క్రెపెలిన్ తన వైద్య గ్రంథమున ఈ వ్యాధికి అల్జీమర్ వ్యాధి యని నామకరణము చేసెను. పేరు వచ్చినది గదా యని అల్జీమర్ పొంగిపోలేదు. ఇది నిజముగా వేఱొక వ్యాధియా, లేక వృద్ధులకు వచ్చు మతిభ్రంశమే ముందుగా వచ్చినదా యని 1911లో మఱియొక రోగిని గూర్చి వ్రాయుచు తానే సందేహమును వెలిబుచ్చెను. తన పేరు గల వ్యాధినే శంకించి పరీక్షింపగల నిజాయితీ అతనిది.

అల్జీమర్ ఉత్తమ బోధకుడు. పలు దేశముల నుండి యువవైద్యులు అతని ప్రయోగశాలకు వచ్చుచుండిరి. అమెరికాలోని నల్లజాతికి చెందిన సోలమన్ కార్టర్ ఫుల్లర్ వారిలో ఒకడు. అల్జీమర్ ఒక్కొక్క విద్యార్థి ప్రక్కన కూర్చుండి, తన కండ్లద్దములను ప్రక్కకు నెట్టి, అతనితోపాటు సూక్ష్మదర్శినిలోనికి చూచి వివరించుచుండెను. చేత చుట్ట యుండెడిది. మాటలలో మునిగి దానిని అచటనే విడిచి మఱొక విద్యార్థి కడకు పోవుటచే, సాయంకాలమునకు ప్రతి బల్లపై ఒక చుట్ట ముక్క మిగిలియుండెడిదని చెప్పుదురు.

1912లో అతడు బ్రెస్లా విశ్వవిద్యాలయమున ఆచార్య పదవికి నియమింపబడెను. ఆ నగరము నేడు పోలెండు దేశమున వ్రోత్స్వావ్ అను పేరుతో నున్నది. పదవిని స్వీకరించుటకు రైలులో పోవుచుండగనే అతనికి జబ్బు చేసెను. అది అతని గుండెను దుర్బలము చేసెను. పూర్తిగా కోలుకొనకున్నను అతడు మూడు సంవత్సరములు బోధించెను. మొదటి ప్రపంచ యుద్ధము జరుగుచుండగా, 1915వ సంవత్సరము డిసెంబరు 19వ తేదీన 51 సంవత్సరముల వయస్సున కన్నుమూసెను. ఆగస్టె చికిత్సాలయమునకు వచ్చిన నాటి వయస్సును అదియే. ఫ్రాంక్‌ఫర్ట్ శ్మశానవాటికలో భార్య సమాధి ప్రక్కనే అతనిని ఖననము చేసిరి.

అతడు మరణించిన తరువాతను ఒక కొఱత మిగిలియుండెను. మెదడులోని మార్పును చూడవలెననిన రోగి మరణించువఱకు ఆగవలసినదే. ఆ కొఱతను తీర్చు మార్గమునకు మొదటి మెట్టు అల్జీమర్ చదివిన వూర్ట్స్‌బుర్గ్ నగరమందే ఏర్పడుట విశేషము. 1895లో రాంట్‌జెన్ అను ఆచార్యుడు అచటనే ఎక్స్-కిరణములను కనుగొనెను. ఆ కిరణములు ఎముకలను చూపునుగాని, పుఱ్ఱె లోపలి మెత్తని మెదడును విడదీసి చూపజాలవు. 1919లో అమెరికా వైద్యుడు వాల్టర్ డాండీ వెన్నులో సూది గ్రుచ్చి, మెదడు గదులలోనికి గాలిని పంపి ఛాయాచిత్రము తీయు పద్ధతిని ప్రకటించెను. అది రోగికి మిక్కిలి బాధాకరము.

1971వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన లండను నగర ప్రాంతమున ఒక ఆసుపత్రిలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అను ఇంజనీరు నిర్మించిన యంత్రముతో మొదటిసారి ఒక రోగి మెదడును చిత్రించిరి. ఎక్స్-కిరణములను అనేక దిక్కుల నుండి పంపి, ఆ కొలతలను కంప్యూటరుతో గణించి, ముల్లంగిని చక్రములుగా తఱిగినట్లు మెదడును కోయకయే పొరలుగా చూపు యంత్రమది. దానినే సీటీ స్కాన్ అందురు. తరువాత పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ అను శాస్త్రజ్ఞుల కృషి వలన ఎం.ఆర్.ఐ. ఏర్పడెను. మన శరీరమున నీరు అధికము. బలమైన అయస్కాంతము నడుమ రోగిని పరుండబెట్టి రేడియో తరంగములను పంపినచో, ఆ నీటిలోని హైడ్రోజన్ పరమాణు కేంద్రములు సంకేతముల నిచ్చును. ఆ సంకేతముల నుండి కంప్యూటరు మెదడు చిత్రమును గీయును. ఇందు ఎక్స్-కిరణముల అవసరమే లేదు.

ఈ చిత్రములలో ఇపుడు కనబడునది ఏమి? ఆగస్టె మెదడులో చూచిన ముడుచుకొనుటయే! మెదడు పైపొర పలుచబడును. లోపలి ద్రవపు గదులు విశాలమగును. కణతల లోపలి భాగమున హిప్పోకాంపస్ అను చిన్న అవయవము కలదు. సముద్రపు గుఱ్ఱము ఆకారమున నుండుటచే దానికి ఆ పేరు వచ్చెను. క్రొత్త జ్ఞాపకములు నిలుచుటకు అది ఆవశ్యకము. ఈ వ్యాధి తఱచుగా దానిని, దాని చెంతనున్న భాగములను మొదట పట్టును. అందుచేతనే తన పెండ్లినాటి ముచ్చటలు చెప్పగల అవ్వ ఉదయము తినిన ఫలహారమును మఱచును. ఆరోగ్యవంతులైన వృద్ధులలో ఆ అవయవము ఏటేట నూటికి ఒకటి రెండు వంతుల లోపు తగ్గగా, ఈ వ్యాధిగ్రస్తులలో నాలుగైదు వంతులు తగ్గుచున్నదని ఎం.ఆర్.ఐ. కొలతలు తెలుపుచున్నవి. ఒకే మనిషిని సంవత్సరమునకు ఒకసారి చిత్రించి, రెండు చిత్రములను పోల్చి, ఈ తఱుగుదలను లెక్కింతురు.

అల్జీమర్ చూచిన గింజలవంటి పదార్థమును సయితము జీవించియున్నవారిలో చూచు మార్గము ఏర్పడెను. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఆ పదార్థమును అంటుకొను ఒక ద్రవ్యమును తయారుచేసిరి. స్వల్పముగా రేడియోధార్మికత గల ఆ ద్రవ్యమును రక్తములోనికి ఎక్కించి, పెట్ స్కాన్ అను యంత్రముతో చిత్రించినచో ఆ గింజలున్న చోటు వెలుగును. 2002లో స్వీడను దేశమందలి ఉప్సాలా నగరమున దీనిని మొదటిసారి రోగిపై ప్రయోగించిరి. నేడు చిక్కుముడులను చూపు ద్రవ్యములును కలవు. వ్యాధిని పూర్తిగా నయము చేయు మందు ఇంకను లేదు. 2023లో అమెరికా ప్రభుత్వము పూర్తిగా ఆమోదించిన లెకానెమాబ్ వంటి మందులు వ్యాధి తొలిదశలో దాని వేగమును కొంత తగ్గించునవి మాత్రమే. ఆ మందు ఎవరికి తగునో నిర్ణయించుటకును ఈ చిత్రములే తోడ్పడుచున్నవి.

అయినను చిత్రమే సర్వస్వము కాదు. ఆ గింజలు కనబడియు మతి చెడని వృద్ధులు పెక్కుమంది కలరు. కావున వైద్యుడు నేటికిని రోగి యెదుట కూర్చుండి, పేరేమి, ఊరేమి, ఈ దినమేమి యని ఓర్పుతో అడుగవలసినదే. మాటను, మెదడును రెండింటిని చూచినవానికే సత్యము దొరకును. అల్జీమర్ మార్గము ఇదియే.

1995లో ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యులకు ఆగస్టె చికిత్సా పత్రములు దొరకెను. ఎనుబది సంవత్సరములకు పైగా మఱుగున పడియున్న ఆ 32 కాగితములలో అల్జీమర్ చేతివ్రాతయు, ఆమె వ్రాయబోయి మఱచిన అక్షరములును చెక్కుచెదరక యుండెను. తరువాత మ్యూనిక్ నగరమున ఆమె మెదడు పొరలు గల గాజుపలకలును లభించెను. క్రొత్త తరము శాస్త్రజ్ఞులు వానిని మరల పరీక్షించి, అల్జీమర్ చెప్పినది యథార్థమని నిర్ధారించిరి. ఆనాటి సభలో మౌనము వహించినవారికి ఆ గాజుపలకలే బదులు చెప్పినవి.

విద్యార్థులారా! మీ యింటిలోనో, ఇరుగుపొరుగుననో మతి తప్పిన వృద్ధులు ఉండవచ్చును. అడిగినదే పదిసార్లు అడిగినప్పుడు మీకు విసుగు కలుగుట సహజము. అట్టి సమయమున, ఒక స్త్రీ తన పేరును మఱచుచుండగా ఆమె ఎదుట కూర్చుండి, ఆమె మాటను ఒక్కటైన వదలక వ్రాసికొనిన ఈ వైద్యుని తలచుకొనుడు. పదునొకండవసారియు మెల్లగా బదులు చెప్పుడు. వారి మతి తప్పినది వారి దోషము కాదు. వారు మనలను మఱచినను, మనము వారిని మఱువరాదు.